టక్ మనేదాకా

మా ఇంట్లో రేడియో ఆపడానికి ఒక పద్ధతి ఉండేది. ఎడమవైపున్న గుండ్రటి బటన్‌ని వెనక్కి తిప్పుతూ పోవాలి. శబ్దం తగ్గుతుంది, ఇంకా తగ్గుతుంది, చివరికి వినబడకుండా పోతుంది. అక్కడ చెయ్యి తీసేస్తే నాన్న ఒప్పుకునేవారు కాదు. వినబడనంత మాత్రాన ఆగినట్టు కాదని, లోపల అది నడుస్తూనే ఉంటుందని, సెల్లు అయిపోతూనే ఉంటుందని చెప్పేవారు.

"టక్ మనేదాకా తిప్పాలమ్మా. టక్ మంటేనే ఆగినట్టు."

పొద్దున వార్తలు అవగానే రేడియో ఆపే పని నాది. స్టూలెక్కి, బటన్ తిప్పి, ఆ చిన్న టక్కు వినబడగానే నాన్న వైపు చూసేదాన్ని. ఆయన తల ఊపేవారు. ఆ తల ఊపడం కోసం నేను ఏ పనైనా చేసి ఉండేదాన్నని ఇప్పుడు అనిపిస్తుంది.

నాన్న మా ఊరి మిషన్ స్కూల్లో టీచరు. గుంటూరు నుంచి బస్సులో వస్తే రోడ్డుకి రెండు పక్కలా పత్తి, తర్వాత మిరప, మళ్ళీ పత్తి, ఆ మధ్యలో మా ఊరు. పాస్టరుగారికి చుట్టుపక్కల చాలా ఊళ్ళు ఉండడంతో మా దగ్గరికి ఎప్పుడో గానీ వచ్చేవారు కాదు. ఆయన రాని ఆదివారాల్లో ఆరాధన నడిపేది నాన్నే. వారమంతా బడిలోనూ, ఆదివారం చర్చిలోనూ ఊళ్ళో పిల్లలందరికీ ఆయన కనబడుతూ ఉండాల్సిందే. నాకైతే ఇంట్లో కూడా.

పిల్లలు ఏం చూడాలి, ఏం వినాలి అన్న విషయంలో నాన్నకి సందేహాలేమీ ఉండేవి కావు. సినిమా వద్దు. వారపత్రికలు వద్దు. రేడియోలో వార్తలు, వ్యవసాయ కార్యక్రమం, ఆదివారం పిల్లల కార్యక్రమం. పేపరు వచ్చిందంటే ముందు ఆయన చేతికే. సినిమా బొమ్మలున్న పేజీ విడదీసి సైకిల్ చెయిన్ తుడవడానికి పక్కన పెట్టేవారు. ఆ రోజుల్లో పెద్ద పెద్ద కథానాయకులందరూ మా ఇంట్లో గ్రీజు పూసుకుని తిరిగేవారు. వాళ్ళెవరో నాకు తెలియదు. అసలు సినిమా అంటే ఏమిటో కూడా నాకు సరిగా తెలియదు. చెడ్డదని మాత్రం తెలుసు. ఎందుకు చెడ్డదో, అందులో ఏముంటుందో ఎవరూ చెప్పలేదు. వద్దని చెబితే చాలు, మిగతాది పిల్లలకి అనవసరం అనుకునే ఇల్లు మాది. అప్పట్లో ఏ ఇల్లు చూసినా అంతే.

అది వీడియోల కాలం. మిరపకాయ అమ్మిన రైతులు గుంటూరు నుంచి టీవీ, వీడియో అద్దెకి తెప్పించి ఇంటి ముందు పెట్టేవారు. ఊరంతా వెళ్ళేది, మేం తప్ప. చర్చికి వచ్చేవాళ్ళు కూడా చాటుగా వెళ్ళి, ఆదివారం నాన్న ముందు ఏమీ ఎరగనట్టు కూర్చునేవారు. కొన్నాళ్ళకి వాళ్ళే ధైర్యం చేసి నాన్నని అడిగారు. దేవుడి సినిమా కూడా వీడియోలో దొరుకుతుందట మేష్టారూ, చర్చిలో వేయిస్తే పిల్లలకి మంచిది కదా అన్నారు.

నాన్న చాలా రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. తనే బస్సెక్కి బ్రాడీపేటలో వీడియో షాపుకి వెళ్ళారు. అందులో పాటలు ఉంటాయా, డాన్సులు ఉంటాయా అని అడిగి అడిగి షాపువాణ్ణి విసిగించానని ఇంటికొచ్చి అమ్మతో గర్వంగా చెప్పారు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఒక తండ్రి ఎంత జాగ్రత్త పడగలడో అంత జాగ్రత్తా పడ్డారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చర్చి కిటికీలకి గోతం పట్టాలు కట్టి లోపల చీకటి చేశారు. బల్ల మీద టీవీ, దాని పక్కన వీడియో. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, ముందు జంపఖానా మీద పిల్లలం. నేను అందరికంటే ముందు, టీవీకి ఎదురుగా కూర్చున్నాను. మేష్టారి కూతురిని కదా, నాకు ఎప్పుడూ ముందు చోటే.

సినిమా మొదలైంది. కదిలే బొమ్మని చూడడం నాకు అదే మొదటిసారి. ప్రభువుని కొరడాలతో కొట్టారు, చేతుల్లో మేకులు దిగ్గొట్టారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అదంతా అప్పుడే, ఆ డబ్బాలో, నిజంగా జరుగుతోందనే అనుకున్నాను. రేడియోలో మాట్లాడేవాళ్ళు నిజం మనుషులు. పేపర్లో ఫోటోలు నిజం మనుషులవి. బొమ్మలో కనబడేది నిజం కాకుండా ఎలా పోతుంది? ఆడవాళ్ళు నా ఏడుపు చూసి, చూడు మేష్టారి పిల్లకి ఎంత భక్తో అని చెవులు కొరుక్కున్నారు.

సినిమా అయిపోయింది. తెర మీద తెల్లటి చుక్కలు గిలగిల కొట్టుకుంటున్నాయి, టీవీ బుస్సుమంటోంది. వీడియో తెచ్చిన ఆయన బీడీ కాల్చుకోవడానికి ప్రహరీ అవతలకి వెళ్ళాడు. నాన్న లేచి టీవీ దగ్గరకొచ్చారు. మా రేడియోకి ఉన్నట్టే దానికీ కింద ఒక గుండ్రటి బటన్ ఉంది. దాన్ని వెనక్కి తిప్పారు. బుస్సుమనే శబ్దం తగ్గి, తగ్గి, పోయింది. చుక్కలు వాటంతట అవే పోతాయనుకున్నారేమో, మా వైపు తిరిగి చేతులు జోడించారు.

"అందరం కళ్ళు మూసుకుందాం."

అందరూ మూసుకున్నారు. ఆడవాళ్ళు తల మీద కొంగు కప్పుకున్నారు. నేను కూడా గట్టిగా కళ్ళు మూసుకున్నాను. కానీ నా చెవి ఆ బటన్ దగ్గరే ఉండిపోయింది. టక్ మనలేదు. శబ్దమైతే పోయింది గానీ టక్ మనలేదు. నాన్న మర్చిపోయి ఉంటారు, లోపల అది నడుస్తూనే ఉంటుంది, అనుకున్నాను. ఆగిందో లేదో చూద్దామని కళ్ళు తెరిచాను.

చుక్కలు పోయి గీతలు వచ్చాయి. గీతలు పోయి ఒక గది వచ్చింది. మా పిన్ని వయసు ఆడపిల్ల ఒకామె తలుపు వైపు పరిగెత్తుతోంది. వెనక నుంచి ఒక మనిషి వచ్చి ఆమె కొంగు పట్టుకుని లాగాడు, తలుపు గడియ వేశాడు. ఆమె చేతులు అడ్డం పెట్టుకుని, నోరు పెద్దగా తెరిచి అరుస్తోంది. అరుపు వినబడడం లేదు. శబ్దాన్ని నాన్న తగ్గించేశారు.

ఆ పక్కనే నిలబడి నాన్న ప్రార్థన చేస్తున్నారు. నాన్న ప్రార్థన చేస్తే ఎవరినీ వదిలిపెట్టేవారు కాదు. జ్వరాలు వచ్చినవాళ్ళు, పురుడు పోసుకోవాల్సినవాళ్ళు, ప్రభుత్వంలో ఉన్నవాళ్ళు, ఎద్దులు. ఆ వేళకి కల్లాల దగ్గరకొచ్చారు. కల్లంలో ఆరబోసిన మిరపకాయని అకాల వర్షం నుంచి కాపాడమని అడుగుతున్నారు. ఆమె నేల మీద పడిపోయింది. ఆ మనిషి నవ్వాడు. తెల్ల చొక్కా, సన్నటి మీసం.

నేను కళ్ళు మూసుకోలేకపోయాను. నాన్న వైపు తిరిగాను. తెల్ల చొక్కా, సన్నటి మీసం.

ఇది రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ మనిషికీ మా నాన్నకీ ఏ సంబంధమూ లేదని ఇవాళ ఎవరైనా చెబుతారు. ఆ క్షణంలో నాకు చెప్పేవాళ్ళు లేరు. చర్చి నిండా పెద్దవాళ్ళు ఉన్నారు, అందరూ కళ్ళు మూసుకున్నారు.

ఆమేన్ అన్నారు. కళ్ళు తెరిచారు. ముందు ఎవరో ఆడమనిషి "అయ్యో, అదేంది మేష్టారూ" అంది. నాన్న వెనక్కి తిరిగి చూసి, రెండు చేతులూ చాచి టీవీకి అడ్డంగా నిలబడ్డారు. వీడియో ఆయన పరిగెత్తుకొచ్చి వైరు పీకాడు. పాత క్యాసెట్ మీద దేవుడి సినిమా ఎక్కించారని, చివర పాతది కొంచెం మిగిలిపోయిందని, షాపులో తనకెవరూ చెప్పలేదని ఏదో సర్దిచెప్పుకున్నాడు. నాన్న అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆయన మొహం పాలిపోయింది.

"పిల్లలు గానీ చూశారేమో మేష్టారూ" అని వెనక నుంచి ఒక ముసలావిడ అడిగింది.

నాన్న అప్పుడు మా వైపు చూశారు. ఒంగి నా తల మీద చెయ్యి వేశారు.

"మన పిల్లలు ప్రార్థనలో కళ్ళు తెరవరమ్మా. మా అమ్మాయినే చూడండి. ఇంతమందిలో ముందు కూర్చుంది. అది చచ్చినా కళ్ళు తెరవదు."

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. నా తల మీద ఉన్న చెయ్యి ఎప్పుడు తీస్తారా అని మాత్రం చూశాను. బయటికొచ్చాక కొందరు తల్లులు వాళ్ళ పిల్లల్ని పక్కకి లాగి, చూశావా లేదా అని నిలదీశారు. చూశానన్నవాళ్ళకి వీపు మీద పడ్డాయి. కళ్ళెందుకు తెరిచావని కొట్టారే గానీ, ఏం చూశావని గానీ, భయమేసిందా అని గానీ ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఊళ్ళో పిల్లలెవరూ ఏమీ చూడలేదు.

సినిమా మధ్యలో నేను ఏడిస్తే భక్తి అన్నారు. ఇప్పుడు ఏడిస్తే పాపం అంటారు. ఏడుపు రెండు రకాలని నాకు ఆ రోజే తెలిసింది. అందుకని ఏడవలేదు.

మర్నాడు బడికి వెళ్ళేటప్పుడు నాన్న ఎప్పటిలాగే సైకిల్ స్టాండు తీసి, నేను వెనక ఎక్కుతానని ఆగారు. నేను నడిచి వస్తానన్నాను. ఆ తర్వాతి రోజూ అంతే. నాన్న ఎదురుగా వస్తే గోడ వైపు తిరిగేదాన్ని. ఆయన నా జడ లాగి ఆటపట్టించబోతే చటుక్కున పక్కకి జరిగాను, ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. రేడియో ఆపమని పిలిస్తే వెళ్ళి ఆపేదాన్ని గానీ, టక్ మన్నాక ఆయన వైపు చూసేదాన్ని కాదు. గౌను కింద కాళ్ళు కనబడుతున్నాయని దుప్పటి చుట్టుకుని కూర్చునేదాన్ని. ఆమె కొంగు లాగింది నాన్న కాదని నాకు తెలుసు, ఆయన ప్రార్థన చేస్తూ పక్కనే ఉన్నారు కదా. తెలిసినా భయం పోలేదు. అంత మంచి నాన్నని చూసి భయపడే పిల్ల ఎంత పాడైపోయిన పిల్లో అని నా మీద నాకే అసహ్యం వేసేది. ఆమె ఏమైపోయిందో అన్నది ఇంకో బాధ. తలుపు గడియ ఎవరైనా తీశారో లేదో. అంతమంది పెద్దవాళ్ళు ఉండి ఒక్కరూ వెళ్ళలేదే అనుకునేదాన్ని.

నాన్న మనసు కష్టపెట్టుకున్నారని నాకు తెలుస్తూనే ఉంది. ఆయన ఒక్కరే సైకిల్ నడిపించుకుంటూ నా వెనక కాస్త దూరంలో వచ్చేవారు, ఎక్కేవారు కాదు.

ఆ వారమంతా మా వసారాలో మిరపకాయల తొడిమలు తీసే పని నడిచింది. మాకు కౌలుకి తీసుకున్న కొంచెం చేను ఉండేది. బడి అవగానే నేను కూడా అమ్మ పక్కన కూర్చుని తొడిమలు తీసేదాన్ని. ఆ పనిలో ఒక సుఖం ఉంది. ఘాటుకి కళ్ళు నీళ్ళు కారుతూనే ఉంటాయి, కారం చేతులతో తుడుచుకోవడానికి లేదు, ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగరు. నేను అక్కడ కూర్చుని కడుపారా ఏడ్చుకునేదాన్ని.

కానీ అమ్మ అడిగింది. తొడిమ తీస్తూనే, తల ఎత్తకుండా.

"నాన్న సైకిలెందుకు ఎక్కట్లేదే నువ్వు?"

నేను ఇంకో కాయ అందుకున్నాను.

"కొట్టారా?"

"లేదు."

"తిట్టారా?"

"లేదమ్మా." ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నోటికొచ్చింది చెప్పాను. "టక్ అనలేదమ్మా."

"ఏది?"

"ఆ రోజు టీవీ. నాన్న తిప్పారు గానీ టక్ అనలేదు. ఆగలేదేమో అని చూశాను. చూద్దామని కాదమ్మా, ఆగిందో లేదో అని."

అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి వెళ్ళి కారం పోయేలా చేతులు పిండి పెట్టి కడుక్కుని వచ్చి, నా చేతులు కూడా కడిగించి, తన పక్కన కూర్చోబెట్టుకుంది. నేను మొత్తం చెప్పాను. తలుపు, గడియ, అరుపు. అన్నీ చెప్పి, ఆమె చచ్చిపోయిందా అని అడిగాను.

"అదంతా వేషమే తల్లీ. ఆవిడకి ఏమీ కాలేదు. కెమెరా ఆపేశాక లేచి, మొహం కడుక్కుని, టీ తాగి ఇంటికెళ్ళి ఉంటుంది. ఆ మొగాయన కూడా అంతే, ఇంట్లో పిల్లలు ఉండుంటారు."

"నీకెట్టా తెలుసు?"

"నేను చూశానులే సినిమాలు. గుంటూరులో, పెళ్ళికి ముందు, మా అక్కతో. ఒకదాంట్లో చచ్చిపోయినావిడ ఇంకోదాంట్లో పాట పాడతా వచ్చేది. మీ నాన్న నన్ను ఎప్పుడూ అడగలేదు."

నేను నోరు తెరుచుకుని చూశాను. అమ్మ సినిమాలు చూసిందన్నది ఆ వారంలో నాకు తెలిసిన సంగతులన్నిటికంటే పెద్దది. అమ్మ కొంచెం నవ్వి, మళ్ళీ నవ్వడం మానేసింది.

"అది వేషమే. కానీ అట్టాంటి వెధవ పనులు చేసేవాళ్ళు నిజంగానూ ఉంటారు. ఎవడైనా మీద చెయ్యేస్తే అరువు. గట్టిగా అరువు. వచ్చి నాతో చెప్పు. ఎవడైనా సరే, ఎప్పుడైనా సరే. నేను నిన్నేమీ అనను. చూసినందుకు నువ్వేం పాడైపోలేదు. విన్నావా?"

విన్నానన్నాను. నా గుండెల మీద నుంచి ఏదో దిగింది. మొత్తం దిగలేదు. మీసం సంగతి నేను అమ్మకి కూడా చెప్పలేదు.

సాయంత్రం నాన్న వాకిట్లో సైకిల్ చెయిన్ తుడుస్తుంటే అమ్మ వెళ్ళి గట్టు మీద కూర్చుంది. నేను లోపల లాంతరు చిమ్నీ తుడుస్తూ విన్నాను.

"రేడియో ఎట్టా ఆపాలో దానికి నేర్పింది ఎవరండీ?"

"నేనే. ఏం?"

"టక్ మనేదాకా తిప్పమంది మీరే కదా. ఆ రోజు టక్ అనలేదంట. అందుకని కళ్ళు తెరిచిందంట."

తర్వాత నాన్న, "నేను అందరి ముందూ చెప్పానే, అది చూడలేదని" అన్నారు.

"మీరు చెప్పారు. అది చెప్పిందా? అది మీ మొహం చూట్టానికి కూడా భయపడతా ఉంది. అందరి ముందూ అన్న మాట తప్పయిందనా మీ బాధ?"

చెయిన్ తిరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

ఆదివారం వచ్చింది. మా నాన్నది ఒక చిత్రమైన నిజాయితీ. తను అన్న మాట తప్పని తేలితే అందరి ముందూ అన్నందుకు అందరి ముందే దిద్దుకోవాలి. వాక్యం చదివాక నిలబడి గొంతు సవరించుకున్నారు.

"పోయిన ఆదివారం టీవీ ఆపకుండా కళ్ళు మూసుకున్నది నేను. తప్పు నాది. మా అమ్మాయి చూడలేదని మీతో చెప్పాను. అది చూసింది."

చర్చిలో ఉన్న తలలన్నీ నా వైపు తిరిగాయి. నా చెవులు కాలిపోయాయి. భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. వెనక పెద్ద మగపిల్లలు కిసుక్కుమన్నారు. చూసినప్పుడు పడిన సిగ్గు కంటే ఇది ఎక్కువైంది. ఎందుకు చెప్పావమ్మా అన్నట్టు అమ్మ వైపు చూస్తే, అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా పేరు అందరి ముందూ ఇలా తీస్తారని ఆమె కూడా అనుకోలేదు.

నాన్న నా మొహం చూశారు. చూశాక గానీ ఆయనకి అర్థం కాలేదు, దిద్దుకోబోయి ఇంకోటి చేశానని. ఇంకా ఏదో చెప్పాలని నోరు తెరిచి, మాట తడబడింది. "చూసిన పిల్లల్ని ఎవరూ కొట్టబాకండి. వాళ్ళు ఏం చూశారో అడగండి" అని మాత్రం అని, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

మా స్కూల్లో ఇప్పుడు తల్లిదండ్రుల మీటింగ్ పెడితే అందరూ ఒకటే అడుగుతారు. ఫోన్ ఎంతసేపు ఇవ్వాలండీ, టీవీకి తాళం ఏది పెట్టాలండీ అని. నేను కూడా టీచర్ని, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెబుతాను. తాళాలు పెట్టండి, మంచిదే. అయితే పెట్టి కళ్ళు మూసుకోకండి, పక్కన కూర్చోండి, ఏం చూశావో అడగండి, అడిగాక కొట్టకండి అంటాను. ఇది ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం చెప్పను. ఇన్నేళ్ళయినా నోరు రాదు.

ఆ రెండో ఆదివారం నాన్న ప్రార్థన అనగానే అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను కూడా మూసుకున్నాను. కానీ నన్నెవరో చూస్తున్నట్టే ఉంది. ఆ మగపిల్లలేమో అనుకుని కొంచెం కళ్ళు తెరిచాను.

నాన్న కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతులు జోడించి, జ్వరాలు వచ్చినవాళ్ళ కోసం, కల్లాల కోసం ఎప్పటి మాటలే చెబుతూ, నా వైపు చూస్తున్నారు. కళ్ళు మూసుకోమని సైగ చెయ్యలేదు. తల తిప్పుకోలేదు. ఆయన కూడా సిగ్గుపడుతున్నారని నాకు తెలిసింది. అంత పెద్ద మనిషి నా ముందు సిగ్గుపడడం చూడలేక తల దించుకోబోయాను, దించుకోలేదు. వారం తర్వాత మొదటిసారి ఆయన మొహాన్ని చూశాను. సన్నటి మీసమే. కుడివైపు మీసంలో ఒక తెల్ల వెంట్రుక ఉంది, అది నేనే ఒకప్పుడు కనిపెట్టి పీకబోతే వద్దన్నారు. ఆ మనిషి మీసంలో తెల్ల వెంట్రుక లేదు. ఇది మా నాన్న మొహం.

ఆమేన్ అనేదాకా అలాగే చూస్తూ ఉన్నాను. ఆయన కూడా.

ఆ తర్వాత నాన్న ఎప్పుడు పిల్లలతో ప్రార్థన చేసినా కళ్ళు మూసుకోలేదు. అదేమిటని పాస్టరుగారు ఒకసారి అడిగితే, పిల్లలు ఉన్నారు కదండీ అన్నారు. మీసం గురించి నేను ఆయనకి చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది అనుకుంటాను, అనుకున్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ఆ ఆదివారం చర్చి బయట నాన్న సైకిల్ పట్టుకుని నిలబడ్డారు. ఎక్కమనలేదు. నన్ను చూడకుండా చక్రం వైపు చూస్తూ ఉన్నారు. నేను వెళ్ళి వెనక ఎక్కి కూర్చుని, ఎప్పటిలాగే ఆయన చొక్కా పట్టుకున్నాను. నాన్న కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా తొక్కడం మొదలుపెట్టారు.

"పట్టుకున్నావా?" అన్నారు.

పట్టుకున్నానన్నాను.